కాళ్ల తిమ్మిర్లకు కొలెస్ట్రాల్ బిళ్లే కారణమా?

మా నాన్నకు గుండెలో స్టెంట్ వేసి నాలుగేళ్లయ్యాక ఒక రాత్రి ఫోన్‌లో మాటల మధ్యలో చెప్పారు, "ఆ కొలెస్ట్రాల్ బిళ్ల మానేశానమ్మా" అని. ఎందుకు నాన్నా అంటే, "కాళ్లలో నరాలు లాగేస్తున్నాయి. రాత్రయితే అరికాళ్లు ఒకటే మంటలు. పక్కింటి మాస్టారికీ ఇంతేనట, ఆయన ఆపేసి హాయిగా ఉన్నారు" అన్నారు. ఆపి అప్పటికే రెండు నెలలు. డాక్టరుకు చెప్పలేదు, ఇంట్లో అమ్మకు కూడా చెప్పలేదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. స్టెంట్ ఉన్న మనిషి ఆ మాత్ర ఆపడం ఎంత ప్రమాదమో తెలుసు. నాన్న చెప్పే మంట అబద్ధం కాదనీ తెలుసు. మాత్రల డబ్బాలో మడిచి పెట్టే కాగితం తెరిచి చూస్తే అందులోనూ తిమ్మిర్లు, నరాల జబ్బు అని రాసే ఉంది. మరి ఆపొద్దనే డాక్టరు మాట వినాలా, మంటకు ఆ బిళ్లే కారణమనే నాన్న మాట వినాలా? ఆ తర్వాత కొన్ని నెలల పాటు చదివినవి, నాన్న వెంట ఆసుపత్రులకు తిరిగినప్పుడు డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. నేను డాక్టరును కాదు. ఇది చదివి ఎవరూ మందు ఆపొద్దు, మొదలుపెట్టొద్దు. మీ డాక్టరును ఏం అడగాలో తెలిస్తే చాలు.

ముందు 'నరం' అనే మాట సంగతి

ఈ విషయంలో సగం చిక్కు మన మాటలోనే ఉంది. సెలైన్ ఎక్కించేటప్పుడు నర్సు "నరం దొరకట్లేదు" అంటుంది. అది రక్తం మోసే సిర. మెడ ఒకపక్కకు తిరగకపోతే "నరం పట్టేసింది" అంటాం. అది బిగుసుకున్న కండరం. గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్ల పిక్కల మీద నీలంగా మెలికలు తేలితే "నరాలు ఉబ్బాయి" అంటాం. అవి మళ్లీ సిరలే. కాలు ముడుచుకుని కూర్చుని లేచాక చీమలు పాకినట్టు ఉంటే "నరం తిమ్మిరెక్కింది" అంటాం. ఈ ఒక్కచోట మాత్రం అది నిజంగా నరమే, మెదడు నుంచి కాలి వేలిదాకా కబురు మోసే తీగ.

కాబట్టి "నరాలు లాగుతున్నాయి" అని చెప్పిన మనిషి ఏం చెప్పినట్టు? కనీసం మూడు జబ్బులు ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. వాటిలో ఒకదానికి కొలెస్ట్రాల్ మాత్ర కారణం కావచ్చు. ఇంకొకదానికి చాలా అరుదుగా తప్ప కాదు. మూడోదానికి ఆ మాత్రే మందు! అందుకే విడదీసి చూడాలి.

కండరం నొప్పి ఎక్కువగా తొడలు, పిక్కలు, పిరుదులు, భుజాల్లో ఉంటుంది, సాధారణంగా రెండు పక్కలా. పీకుతున్నట్టు, బరువెక్కినట్టు, జ్వరం వచ్చి తగ్గాక ఒళ్లు నొప్పులు ఉన్నట్టు ఉంటుంది. ముదిరితే నేల మీద నుంచి లేవడం, మెట్లెక్కడం కష్టమవుతుంది. స్పర్శ మాత్రం పోదు. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందులకు బాగా తెలిసిన ఇబ్బంది ఇదే.

నరం జబ్బు దారి వేరు. అది కాలి బొటనవేళ్ల దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. శరీరంలో అన్నిటికంటే పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవే కాబట్టి దెబ్బ ముందు వాటికే తగులుతుంది. సూదులు గుచ్చినట్టు, కారం పూసినట్టు మంట, రాత్రిళ్లు ఎక్కువ. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు కొందరు. ఇంకొందరికి మంట ఉండదు, మొద్దుబారిపోతుంది. దూది మీద నడిచినట్టు ఉంటుందంటారు. చెప్పు జారిపోయినా తెలియదు, మేకు గుచ్చుకున్నా రక్తం చూశాకే తెలుస్తుంది.

మూడోది రక్తనాళం పూడుకుపోవడం. కాసేపు నడిస్తే పిక్క పట్టేస్తుంది, ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది, మళ్లీ అంతే దూరం నడిస్తే మళ్లీ వస్తుంది. కాలికి వెళ్లే ధమనిలో కొవ్వు పేరుకుంటే ఇలా అవుతుంది. పొగతాగేవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. ఈ మనిషి "నరాలు లాగుతున్నాయి" అనుకుని స్టాటిన్ ఆపేస్తే, పూడుకుంటున్న గొట్టాన్ని ఇంకా పూడుకోమని వదిలేసినట్టే. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఇదే.

ఒక్క కాలికే, నడుం దగ్గర నుంచి తొడ వెనకగా కిందికి కరెంటు షాక్‌లా దిగితే అది దాదాపుగా వెన్నుపూసల దగ్గర నొక్కుకున్న నరం. నోట్లో వేసుకున్న మాత్ర ఒక కాలిని ఎంచుకోదు కదా.

ఇంతకీ అనుమానం ఎందుకొచ్చింది

1970ల మొదట్లో జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త దాదాపు 6,000 రకాల బూజులను పరీక్షించి, బియ్యం నమూనాకు పట్టిన ఒక నీలిపచ్చ బూజులో కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థాన్ని కనిపెట్టారు. ఆ దారిలోనే 1987లో లోవాస్టాటిన్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది. తర్వాత సిమ్వాస్టాటిన్, ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా రాసే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్. పేరు చివర 'స్టాటిన్' చూసి గుర్తుపట్టొచ్చు. ఒక మాట: మన దేశంలో ఆస్పిరిన్‌తో, క్లోపిడోగ్రెల్‌తో కలిపి ఒకే క్యాప్సూల్‌గా కూడా స్టాటిన్ అమ్ముతారు. "నేను రక్తం పలచన చేసే బిళ్ల ఒక్కటే వేసుకుంటాను" అనే చాలామంది తెలియకుండా స్టాటిన్ వేసుకుంటున్నవాళ్లే. అట్ట మీద చిన్న అక్షరాలు చదవాలి.

ఈ మందులు కాలేయంలో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిని మొదట్లోనే అడ్డుకుంటాయి. ఒకే కాలువకు తూము దించితే కింద ఉన్న పొలాలన్నిటికీ నీళ్లు తగ్గినట్టు, ఆ దారిలోనే తయారయ్యే వేరే పదార్థాలు కూడా తగ్గొచ్చు. అందులో కోఎంజైమ్ క్యూ10 ఒకటి. కణాలు శక్తిని తయారుచేసుకోవడానికి అది కావాలి. పైగా నరానికి కొలెస్ట్రాల్ అవసరం చాలా ఉంది. కరెంటు వైరుకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టు నరం చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది, ఆ పొరలో కొలెస్ట్రాల్ దండిగా ఉంటుంది. శరీరంలోని మొత్తం కొలెస్ట్రాల్‌లో దాదాపు ఐదో వంతు మెదడులోనే ఉంది. మరి కొలెస్ట్రాల్ తగ్గించే మందు నరాన్ని దెబ్బ తీయదా అన్నది సబబైన ప్రశ్నే.

అయితే మెదడు రక్తంలోని కొలెస్ట్రాల్ మీద ఆధారపడదు. తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది. కాళ్లూ చేతుల నరాలను అంటిపెట్టుకుని ఉండే కణాలు కూడా మైలిన్‌కు కావలసిన కొలెస్ట్రాల్‌ను చాలావరకు అక్కడికక్కడే చేసుకుంటాయి. కాబట్టి రక్త పరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 60కి దిగినంత మాత్రాన నరం ఎండిపోదు. దెబ్బ తగలడానికి వీలుందా అంటే ఉంది. తగులుతోందా అంటే మనుషుల్లో చూడాలి.

డెన్మార్క్ కథ

మనుషుల్లో చూసినవాళ్లలో మొదట గట్టిగా వినిపించింది డెన్మార్క్ వైద్యులు. 2002లో వాళ్లు ఒక అధ్యయనం ప్రచురించారు. కారణం దొరకని నరాల జబ్బు ఉన్న 166 మందిని తీసుకుని, అదే ప్రాంతంలో ఆ జబ్బు లేనివాళ్లతో పోల్చారు. ఆ 166 మందిలో జబ్బు కచ్చితంగా నిర్ధారణ అయినవాళ్లు 35 మంది. స్టాటిన్ వాడుతున్నవాళ్లలో ఈ కచ్చితమైన నరాల జబ్బుకు అవకాశం సుమారు 16 రెట్లు ఎక్కువ కనిపించింది. రెండేళ్లకు మించి వాడినవాళ్లలో అది 26 రెట్లు.

ఇరవై ఆరు రెట్లు! ఆ అంకె చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నాకూ జారింది. కానీ అదే వ్యాసంలో ఇంకో లెక్క ఉంది. యాభై దాటిన 2,200 మంది ఒక ఏడాది స్టాటిన్ వాడితే, వాళ్లలో అదనంగా ఒక్కరికి ఈ జబ్బు రావొచ్చని. రెండు అంకెలూ ఒకే అధ్యయనంలోవే. చాలా అరుదైన విషయం పదహారు రెట్లయినా అరుదుగానే ఉంటుంది. ఇంకోటి, ఆ 166 మందిలో స్టాటిన్ వాడినవాళ్లు మొత్తం తొమ్మిది మందే. అంత చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయినా రెట్లు ఎగిరిపడతాయి. పైగా ఆ రోజుల్లో, అంటే 1990లలో, స్టాటిన్ ఇప్పుడున్నంత మందికి రాసేవాళ్లు కాదు. గుండెజబ్బు, కొలెస్ట్రాల్ బాగా ముదిరినవాళ్లకే రాసేవాళ్లు. అలాంటివాళ్ల నరాలు వేరే కారణాల వల్ల కూడా దెబ్బతిని ఉండొచ్చు.

ఇది నేను చెప్పే సాకు కాదు. ఆ పరిశోధకులే మళ్లీ వెనక్కి తిరిగి చూశారు. అదే డెన్మార్క్‌లో, మొదటి బృందంలోని వైద్యులే కొందరితో కలిసి, 1999 నుంచి 2013 వరకు ఉన్న రోగులతో ఇంకా పెద్ద అధ్యయనం చేసి 2017లో ప్రచురించారు. ఈసారి 370 మంది రోగులు, పోల్చడానికి 7,400 మంది. స్టాటిన్ వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎక్కువ కాలం వాడినా, ఎక్కువ డోసు వాడినా అంతే.

తాము మోగించిన గంటను తామే వెళ్లి ఆపడం నాకు చాలా గొప్పగా అనిపించింది. కానీ నెట్‌లో వెతికితే ఇవాళ్టికీ ముందు కనిపించేది 26 రెట్ల మాటే. 2017 నాటి జవాబు అంత దూరం ప్రయాణించలేదు. పక్కింటి మాస్టారి దాకా అయితే అసలు రాలేదు.

డెన్మార్క్ నుంచే ఇంకో అధ్యయనం 2014లో వచ్చింది. షుగర్ బయటపడక ముందు నుంచే స్టాటిన్ వాడుతున్న సుమారు 15,000 మందిని, వాడని సుమారు 47,000 మందితో పోల్చారు. స్టాటిన్ వాడినవాళ్లలో షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బు మూడో వంతు తక్కువ కనిపించింది. ఇది కూడా పరిశీలన మాత్రమే, మందే కాపాడిందని దీన్నిబట్టి చెప్పేయకూడదు. కానీ నరాలను తినేసే మందు అయితే లెక్క ఇలా తిరగబడి ఉండేది కాదు.

మరి డబ్బాలోని కాగితంలో ఎందుకు రాశారు?

ఎవరైనా ఒక మందు వాడుతుండగా ఇబ్బంది వచ్చిందని చెబితే, అది మందు వల్ల కావచ్చన్న అనుమానానికి కాస్త ఆధారం దొరికినా కాగితంలో చేరుస్తారు. యూరప్‌లో అటోర్వాస్టాటిన్ కాగితంలో తిమ్మిర్లు 'అంత తరచుగా కాదు' అనే వరసలోనూ, నరాల జబ్బు 'అరుదు' అనే వరసలోనూ ఉన్నాయి. అరుదు అంటే అక్కడ లెక్క పదివేల మందిలో ఒకరి నుంచి వెయ్యి మందిలో ఒకరి వరకు. మందు ఆపితే తగ్గి, మళ్లీ వేసుకుంటే మళ్లీ వచ్చినట్టు వైద్యులు రాసిన కేసులూ ఉన్నాయి. ఆ కొద్దిమంది బాధను కొట్టిపారేయడం తప్పు. అరుదు అంటే లేదని కాదు.

నరాలకు దగ్గరగా ఉండే మరో రెండు విషయాలు కూడా ఇక్కడే చెప్పాలి. 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ స్టాటిన్ల కాగితంలో మతిమరుపు, తికమక వంటివి కొందరిలో రావొచ్చని, మందు ఆపితే తగ్గుతాయని చేర్పించింది. 2023లో యూరప్ సంస్థ మయస్థీనియా గురించి హెచ్చరిక చేర్చమంది. నరం నుంచి కండరానికి కబురు సరిగ్గా అందని జబ్బు అది. రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగడం కష్టమవడం దాని గుర్తులు. చాలా అరుదు. కానీ ఆ జబ్బు ముందే ఉన్నవాళ్లు స్టాటిన్ మొదలుపెట్టే ముందు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

బాధ నిజం, కారణం వేరు

కండరాల నొప్పుల విషయంలో జరిగిన ఒక ప్రయోగం నన్ను చాలా ఆలోచింపజేసింది. 2020లో లండన్ వైద్యులు, స్టాటిన్ పడలేదని ఆపేసిన 60 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికి ఏడాదికి సరిపడా పన్నెండు సీసాలు. నాలుగింటిలో అసలు స్టాటిన్, నాలుగింటిలో అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీవి. మాత్రలున్న నెలల్లో అసలుదేదో ఉత్తుత్తిదేదో ఎవరికీ తెలియదు. రోజూ ఫోన్‌లో బాధకు 100కి ఎన్ని మార్కులో వేయాలి. ఖాళీ నెలల్లో సగటున 8. స్టాటిన్ నెలల్లో 16.3. ఉత్తుత్తి మాత్ర నెలల్లో 15.4.

అంటే మాత్ర వేసుకుంటున్నాం అన్న ఆలోచనతోనే బాధ రెట్టింపవుతోంది. దయచేసి దీన్ని "అంతా మీ భ్రమ" అని అర్థం చేసుకోకండి. ఆ నెలల్లో వాళ్లకు నొప్పి నిజంగానే వచ్చింది, అందుకే మాత్రలు మధ్యలో ఆపేశారు కొందరు. ఏదో అవుతుందేమో అన్న టెన్షన్ ఉంటే, మామూలుగా పట్టించుకోని పీకుడు కూడా మనకు తెలుస్తుంది, నొప్పి పెరుగుతుంది. తమ లెక్కలు తాము చూసుకున్నాక ఆ 60 మందిలో సగం మంది స్టాటిన్ మళ్లీ మొదలుపెట్టారు.

2022లో పెద్ద ప్రయోగాలన్నీ కలిపి చూసిన లెక్క కూడా ఇటే చూపింది. మొదటి ఏడాదిలో స్టాటిన్ వాడే వెయ్యి మందిలో సుమారు పదకొండు మందికి అదనంగా కండరాల నొప్పి వస్తుంది. అది నిజమైన దుష్ప్రభావం. కానీ స్టాటిన్ వేసుకుంటూ నొప్పి అని చెప్పిన ప్రతి పదిహేను మందిలో దాదాపు పద్నాలుగు మందికి కారణం వేరే ఉంది.

వేరే కారణం అంటే ఏంటి? మన ఇళ్లలో ఇక్కడే అసలు కథ ఉంది.

ఒకే చీటీలో ముగ్గురు

మన ఊళ్లలో అరవై దాటినవారి మందుల డబ్బా తెరిచి చూడండి. షుగర్ బిళ్ల, గ్యాస్ బిళ్ల, బీపీ బిళ్ల, కొలెస్ట్రాల్ బిళ్ల. 2023లో ప్రచురించిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు దాదాపు 10 కోట్ల మంది. పాదాల నరాలు దెబ్బతినడానికి అన్నిటికంటే పెద్ద కారణం షుగరే. అది ఒక్క రోజులో రాదు, పదేళ్లుగా నెమ్మదిగా పాకి, ఒక రాత్రి మంటగా బయటపడుతుంది. ఆ రాత్రికి దగ్గరలో కొత్తగా మొదలుపెట్టిన బిళ్ల ఏదుంటే నింద దాని మీద పడుతుంది.

రెండోది విటమిన్ బీ12. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మంచి మందు, అందులో సందేహం లేదు. కానీ ఏళ్ల తరబడి వాడితే చిన్నపేగు చివర బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, తిండిలోని బీ12 విడివడడానికి ఆ ఆమ్లం కావాలి. మాంసం, గుడ్లు, పాలు తినని మనిషికి అసలు వచ్చేదే తక్కువ. ఈ మూడూ ఒకే మనిషిలో కలిస్తే? బీ12 తగ్గితే నరం మీది మైలిన్ పొర చెడుతుంది. తిమ్మిర్లు, మంటలు, తూలుడు. చీటీలో ఇద్దరు చేసిన పనికి మూడోవాడు, అంటే కొలెస్ట్రాల్ బిళ్ల, మాట పడుతున్నాడు. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 లోపం మామూలేనని, లక్షణాలుంటే పరీక్ష చేయించాలని 2022లో బ్రిటన్ ఔషధ సంస్థ వైద్యులకు గుర్తుచేసింది. మన దగ్గర కూడా ల్యాబుల్లో ఈ పరీక్ష చేస్తారు. అడగడమే తక్కువ.

థైరాయిడ్ తక్కువగా ఉండటం మరీ చిత్రం. అది కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, కండరాల నొప్పులు తెస్తుంది, చేతుల్లో తిమ్మిర్లు తెస్తుంది. కొలెస్ట్రాల్ పెరిగిందని స్టాటిన్ రాస్తారు. నొప్పులు వస్తే స్టాటిన్ వల్ల అనుకుంటారు. అసలు దొంగ గొంతులో ఉంటాడు. థైరాయిడ్ సరిచేస్తే కొన్నిసార్లు కొలెస్ట్రాల్ దానంతటదే దిగుతుంది.

ఇంకా మద్యం, కిడ్నీ జబ్బు, టీబీకి వాడే ఐసోనియాజిడ్, గుండె లయ సరిచేయడానికి వాడే అమియోడరోన్ కూడా నరాలను దెబ్బ తీయగలవు. స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్టును కూడా మర్చిపోకూడదు, అది మన దగ్గర పూర్తిగా పోలేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే "నరాల బలానికి బిళ్లలు" గురించి కూడా చెప్పాలి. వాటిలో చాలావాటిలో బీ6 ఉంటుంది. ఆ విటమిన్ ఎక్కువ మోతాదులో చాలాకాలం వేసుకుంటే అదే నరాలను పాడుచేస్తుంది. తిమ్మిరి తగ్గడం లేదని ఒకటికి రెండు వేసుకునేవాళ్లను నేను చూశాను. అలా చేయకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు

"నరాలు లాగుతున్నాయి" అనకుండా, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నది చెప్పాలి. వేళ్ల దగ్గర మొదలైందా, తొడల్లోనా? రాత్రి పడుకున్నాకా, నడిచినప్పుడా? ఒక కాలా, రెండు కాళ్లా? మాత్ర మొదలుపెట్టింది ఎప్పుడు, డోసు పెంచింది ఎప్పుడు, బాధ మొదలైంది ఎప్పుడు? తేదీలు కాగితం మీద రాసుకెళ్తే మేలు. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.

పాదాల నరాల పరీక్ష తేలికైనదే. సన్నని నైలాన్ తీగతో అరికాలు మీద తాకి చూస్తారు, శృతిదండం మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అని అడుగుతారు. రక్తంలో మూడు నెలల షుగర్, బీ12, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చూస్తారు. కండరాల నొప్పి అయితే, కండరం దెబ్బతిందా అని చూసే సీపీకే అనే రక్త పరీక్ష. అవసరమైతే నరాల వేగం చూసే ఎన్‌సీఎస్. ఆ పరీక్ష పెద్ద నరాలనే చూస్తుంది, మంట పుట్టించే సన్నని నరాల జబ్బు అందులో దొరకకపోవచ్చు. రిపోర్టు నార్మల్ అని వచ్చినంత మాత్రాన మీ మంట అబద్ధం కాదు.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం స్టాటిన్ మీదే నిలిస్తే, డాక్టరే కొన్ని వారాలు ఆపి చూడొచ్చు, డోసు తగ్గించొచ్చు, వేరే స్టాటిన్‌కు మార్చొచ్చు. కండరాల నొప్పి అయితే సాధారణంగా కొన్ని వారాల్లోనే తేలుతుంది. నరం అలా కాదు. దెబ్బతిన్న నరం మళ్లీ పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. బాగుపడటానికి నెలలు పడుతుంది. అందుకే "రెండు రోజులు ఆపాను, తిమ్మిర్లు పోయాయి" అంటే అది మందు చేసిన నరాల జబ్బు అయ్యే అవకాశం తక్కువ.

డోసు గురించి మనవాళ్లకు సంబంధించిన ఒక నిజమైన సంగతి ఉంది. రోసువాస్టాటిన్ ఆసియావాసుల రక్తంలో తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు స్థాయికి చేరుతుంది. అందుకే అమెరికాలో 5 మిల్లీగ్రాములతోనే మొదలుపెట్టమని దాని కాగితంలోనే రాశారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మన పిల్లలు అక్కడి డాక్టరుకు ఈ మాట గుర్తుచేయొచ్చు. కొన్ని మందులు, ముఖ్యంగా క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్, అటోర్వాస్టాటిన్‌తోనూ సిమ్వాస్టాటిన్‌తోనూ కలిస్తే రక్తంలో వాటి స్థాయిని బాగా పెంచేస్తాయి. తామరకు ఇట్రాకొనజోల్ నెలల తరబడి వాడటం ఇప్పుడు మన దగ్గర మామూలైపోయింది. చర్మం డాక్టరుకు గుండె మందుల సంగతి చెప్పాలి.

ఒంట్లో విపరీతమైన కండరాల నొప్పితో పాటు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కండరం కరిగి కిడ్నీకి చేరుతోందని అర్థం. 2001లో సెరివాస్టాటిన్ అనే మందును ప్రపంచ మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నది ఈ కారణంగానే. ఇప్పుడు వాడే స్టాటిన్లతో ఇది బహు అరుదు.

స్టాటిన్ అసలు పడదని తేలినవాళ్లకు వేరే దారులున్నాయి. ఎజెటిమైబ్ ఉంది. బెంపెడోయిక్ యాసిడ్ ఉంది, అది కాలేయంలోనే పని మొదలుపెడుతుంది, కండరంలో పనిచేయదు. ఖరీదైన ఇంజెక్షన్లూ ఉన్నాయి. ఏదీ వద్దని ఊరుకోవడం మాత్రం గుండెజబ్బు వచ్చినవాళ్లకు దారి కాదు. ఎందుకంటే అటువైపు లెక్క ఇది: ఒకసారి గుండెజబ్బు వచ్చిన పదివేల మంది ఐదేళ్లు తగిన డోసులో స్టాటిన్ వాడితే సుమారు వెయ్యి మందికి మళ్లీ గుండెపోటు, పక్షవాతం లాంటివి రాకుండా ఆగుతాయి. అదే పదివేల మందిలో తీవ్రమైన కండరాల జబ్బు వచ్చేది ఐదుగురికి. కొత్తగా షుగర్ బయటపడేది 50 నుంచి 100 మందికి. ముప్పు ఎక్కువగా ఉన్నా గుండెజబ్బు ఇంకా రానివాళ్లలో లాభం దీంట్లో సగం ఉంటుంది, వాళ్లు డాక్టరుతో తీరిగ్గా మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. మా నాన్న లాంటివాళ్లకు అంత తీరిక లేదు.

నాన్నను ముందు గుండె డాక్టరు దగ్గరికి, ఆయన రాసిన చీటీతో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మెట్‌ఫార్మిన్ పదకొండేళ్లుగా వాడుతున్నారు, గ్యాస్ బిళ్ల స్టెంట్ వేసినప్పటి నుంచి. బీ12 ఎప్పుడూ చూడలేదు. 200 దాటి ఉండాల్సింది 142 వచ్చింది. మూడు నెలల షుగర్ 8.1. ఆపిన రెండు నెలల్లో ఎల్‌డీఎల్ 58 నుంచి 131కి ఎక్కింది, కాళ్ల మంట మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు. "మాత్ర వల్లే అయితే ఈపాటికి కాస్తయినా తేడా కనిపించాలి కదండీ" అన్నారు డాక్టరు. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఈ బీ12 సంగతి ముందే ఎవరూ చెప్పలేదండీ" అన్నారు.

బీ12 ఇంజెక్షన్లు మొదలయ్యాయి, షుగర్ మందులు మార్చారు, కొలెస్ట్రాల్ బిళ్ల ఆ రాత్రే మళ్లీ మొదలుపెట్టారు. ఎనిమిది నెలలైంది. మంట చాలావరకు తగ్గింది, చెప్పులు జారడం లేదు. ఎడమ కాలి రెండు వేళ్లలో మొద్దు ఇంకా అలాగే ఉంది, అది పూర్తిగా పోకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. పోయిన వారం ఫోన్ చేస్తే నాన్న ఇంట్లో లేరు. పక్కింటి మాస్టారిని వెంటబెట్టుకుని ల్యాబుకు వెళ్లారని అమ్మ చెప్పింది.